సాగరిక బార్‌లో కుసుమ గుండె

గాజువాక మెయిన్ రోడ్డు మీది సాగరిక బార్‌లో నాలుగు టీవీలుండేవి. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం, మూడింటిలో వస్తున్న క్రికెట్టునీ ఒకదాంట్లో వస్తున్న పాత పాటలనీ ఆపించి, నాలుగింటిలోనూ తన కూతురు ఆడుతున్న వీడియో గేమ్ పెట్టించాడు బార్ యజమాని పైడిరాజు. కూర్చున్నవాళ్ళు గోల చేస్తారని అతనికి తెలుసు. చేశారు కూడా.

"ఏటి బావూ ఇది, చిన్నపిల్లల బొమ్మలాట" అన్నాడు గవర్రాజు. ఉక్కు కర్మాగారంలో ముప్ఫై ఏళ్ళు క్రేన్ నడిపి రిటైరైన మనిషి. రోజూ ఆరున్నరకల్లా వచ్చి కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటాడు.

"మా గుంట ఆడతన్నాది. ఒక్క ఆట చూడు. నచ్చకపోతే తీసేస్తాను" అన్నాడు పైడిరాజు.

ఆ ఆట పేరు సప్తద్వారం. ఇద్దరు ఆటగాళ్ళు, చెరొక కోట, కోటకి ఏడేసి ద్వారాలు. ఎదుటివాళ్ళ ఏడు ద్వారాలూ ముందుగా పగలగొట్టినవాళ్ళది గెలుపు. ఏ ఊళ్ళోవాళ్ళు ఏ ఊళ్ళోవాళ్ళతో ఆడుతున్నా ఇంటర్నెట్‌లో లోకమంతా చూడవచ్చు. ఆ సాయంత్రం కుసుమ సొంత కోటకి ఒక్క ద్వారమే మిగిలి ఉండగా, ఎదుటివాడివి నాలుగు ద్వారాలు వరసగా కూల్చింది. గవర్రాజు గ్లాసు ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు. మర్నాటి నుంచి అతనే "పాప ఆట ఎన్నింటికి?" అని అడగడం మొదలుపెట్టాడు.

కుసుమకి ఇరవై రెండేళ్ళు. బార్ వెనక వీధిలో, మేడ మీది తన గదిలో కూర్చుని ఆడేది. బార్‌లో మాత్రం పుట్టాక ఒక్కసారి కూడా అడుగుపెట్టలేదు. తండ్రి పెట్టనివ్వలేదు. "పిల్లని గుమ్మం తొక్కనివ్వవు. దాని మొహం మాత్రం నాలుగు గోడలకీ తగిలించావు" అని తల్లి మంగ దెప్పిపొడిస్తే పైడిరాజు నవ్వి ఊరుకునేవాడు.

ఈ సంగతి విని మార్చిలో ఇందుమతి ఆ బార్‌కి వచ్చింది. ఇందుమతి మంగకి చెల్లెలు. రుషికొండ దగ్గర ఒక చిన్న కంపెనీ ల్యాబ్‌లో, మనిషి నరాలకీ యంత్రాలకీ మధ్య పనిచేసే పరికరాలు తయారుచేస్తుంది. ఆరేళ్ళుగా ఆమె ఒక మణికట్టు పట్టీ మీద పనిచేస్తోంది. ఒకరి మణికట్టుకి కడితే అది వాళ్ళ గుండె వేగాన్నీ, చెమటనీ, కండరాల బిగువునీ చదువుతుంది. ఇంకొకరి మణికట్టుకి కట్టిన పట్టీ ఆ చదివిన దాన్ని సన్నని తాకిడిగా నరం మీద వేస్తుంది. నాలుగు నిమిషాలు తిరక్కుండా రెండో మనిషి గుండె మొదటి మనిషి గుండెతో కలిసి నడుస్తుంది. ల్యాబ్‌లో ఇద్దరి మీద, ముగ్గురి మీద పనిచేసింది. ఒకే మనిషిని కన్నార్పకుండా చూసే నలభై మంది కావాలి ఇప్పుడు. అలాంటి నలభై మంది తన బావ బార్‌లో రోజూ కూర్చుంటున్నారు.

అందరి చేతా కాగితాల మీద సంతకాలు పెట్టించి పట్టీలు కట్టింది. కుసుమకి ఆమె గదిలో కట్టింది. ఆ రోజు ఐదో ద్వారం దగ్గర కుసుమ చిక్కుకుపోయినప్పుడు బార్‌లో నలభై మందీ ఒక్కసారే ఊపిరి బిగబట్టారు. పల్లీలు నమిలే చప్పుడు కూడా లేదు. ద్వారం కూలగానే నలభై ఛాతీలు ఒక్కసారే కిందికి దిగాయి. గవర్రాజు తన మణికట్టు వైపు చూసుకున్నాడు.

"ఇది నా గుండె కాదమ్మా" అన్నాడు నెమ్మదిగా. "నాది ఇంత బాగా కొట్టుకుని ఎన్నేళ్ళయిందో."

ఇందుమతికి కళ్ళు చెమర్చాయి. ఆరేళ్ళ పనికి అంతకన్నా మంచి మాట ఆమె వినలేదు.

పైడిరాజు మాత్రం కౌంటర్ తుడుస్తూ మరదలి దగ్గరికి వచ్చాడు. "మా గుంట గుండె వీళ్ళందరి చేతుల్లోనూ కొట్టుకుంటన్నాదా ఇందూ?"

"అదొక సంకేతం, అంతే బావా."

"సంకేతమే అనుకో. వీళ్ళు తాగున్నారు కదా."

"వాళ్ళ మందు పిల్లకెలా పోతుంది?" అని నవ్వింది ఇందుమతి.

అప్పటికి అది నిజమే. పట్టీలు ఒకవైపే పనిచేసేవి. రెండోవైపు తలుపు తెరవమని అడిగింది కుసుమే. "గోడ ముందు కూర్చుని ఆడుతున్నట్టుంది పిన్నీ. వాళ్ళందరూ నన్ను చూస్తున్నారని నాకూ తెలియాలి కదా" అంది. ఇందుమతి వారం రోజులు కష్టపడి, నలభై మంది స్పందన సగటు తీసి, అందులో నూటికి ఐదు పాళ్ళు వెనక్కి కుసుమ మణికట్టుకి వచ్చేలా చేసింది. ఇద్దరూ దానికి చప్పట్లు అని పేరు పెట్టుకున్నారు.

"ఎవరో వీపు మీద చెయ్యి వేసినట్టుంది పిన్నీ" అంది కుసుమ మొదటి రోజు. ఆ నెలలో ఆమె పదకొండు ఆటలు గెలిచింది. అంతకు ముందు చివరి ద్వారాల దగ్గర కంగారు పడేది. ఇప్పుడు ఆ కంగారు లేదు. చూసేవాళ్ళు, పిల్ల బాగా రాటుదేలింది అనుకున్నారు.

మే తొమ్మిదో తారీఖు మధ్యాహ్నం ఇందుమతి ల్యాబ్‌లో లెక్కలు చూస్తోంది. తెర మీద రెండు గీతలు. ఎర్రది బార్‌లో జనానిది, నీలంది కుసుమది. ఆట నడుస్తున్నంతసేపూ నీలం ముందు, ఎరుపు వెనక. అలాగే ఉండాలి. ఆట అయిపోయాక ఎవరి దారిన వాళ్ళు విడిపోవాలి. కానీ మూడు వారాలుగా అలా జరగడం లేదు. ఆట అయిపోయాక కూడా కుసుమ పట్టీ విప్పడం మానేసింది. ఆమె నీలం గీత బార్‌లోని ఎర్ర గీత వెనకే పోతోంది. రెండో పెగ్గుకి వాళ్ళ గుండెలు తేలికపడితే ఆమెదీ తేలికపడుతోంది. నాలుగో పెగ్గుకి మందగిస్తే ఆమెదీ మందగిస్తోంది. ముందటి శుక్రవారం కరెంటు పోయి బార్‌లో పట్టీలు పావుగంట ఆగిపోయినప్పుడు, నీలం గీత గోడెక్కినట్టు నూట నలభైకి ఎక్కేసింది. కరెంటు రాగానే దిగిపోయింది.

ఇందుమతి ఆ గీతల్ని మూడుసార్లు చూసింది. మందు ఆ పిల్ల రక్తంలోకి వెళ్ళలేదు. నరాలకి మాత్రం ఆ మందు లయ అలవాటయిపోతోంది. ఆ ఐదు పాళ్ళనీ సున్నా చేస్తే చాలు. ఒక్క మీట నొక్కాలి.

జూన్‌లో కంపెనీ పెద్దల ముందు ప్రదర్శన ఉంది. చప్పట్లు లేకపోతే కుసుమ ఓడిపోతుంది. ఓడిపోయే ఆటని చూడటానికి ఎవరొస్తారు? మరో నెల గమనిద్దాం, ఇంకొంచెం సమాచారం కావాలి, అనుకుంది ఇందుమతి. తనకి తాను చెప్పుకున్న మాటలు అవి. తర్వాత నివేదిక కోసం బొమ్మ తయారుచేస్తూ, ఆట అయిపోయాక గంటసేపు సాగే నీలం గీతని తెర మీంచి తీసేసింది. మిగిలిన బొమ్మ చూడముచ్చటగా ఉంది.

జూన్ గడిచింది. ప్రదర్శన అందరికీ నచ్చింది. జులైలో కుసుమ జాతీయ పోటీలో చివరి నలుగురిలో నిలిచింది. సాగరిక బార్‌లో ఆ వారం నిలబడటానికి చోటు లేదు. ఇందుమతి ప్రతి ఆదివారం ఐదు పాళ్ళని సున్నా చేద్దామనుకునేది. ప్రతి సోమవారం వాయిదా వేసేది.

ఆగస్టులో మునిసిపల్ ఎన్నికలొచ్చాయి. పోలింగుకి రెండు రోజుల ముందు నుంచి మద్యం దుకాణాలూ బార్లూ మూసేశారు. సాగరిక షట్టర్ దించేశారు. కుసుమ సెమీ ఫైనల్ సరిగ్గా రెండో రోజు మధ్యాహ్నం నాలుగింటికి పడింది.

ఇందుమతి ఆ ఆటని ల్యాబ్‌లో ఫోన్‌లో చూసింది. రెండో ద్వారం దగ్గరే కుసుమ గురి తప్పింది. తెర మూలన చిన్న పెట్టెలో కనిపిస్తున్న ఆమె మొహం నిండా చెమట. చేతులు వణుకుతున్నాయి. మాటిమాటికీ భుజం మీద ఏదో పాకుతున్నట్టు దులుపుకుంటోంది. మూడో ద్వారం కూలేసరికి ఆమె కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయింది. తర్వాత ఖాళీ కుర్చీ, వెనక గోడ, మంగ కేక.

ఆసుపత్రిలో డాక్టరు పైడిరాజుని పక్కకి పిలిచాడు. ఇందుమతి కూడా అక్కడే ఉంది. "అమ్మాయికి తాగే అలవాటుందా?"

"మా పిల్లకా?" అన్నాడు పైడిరాజు అర్థం కానట్టు.

"రోజూ తాగేవాళ్ళు హఠాత్తుగా మానేస్తే ఇలాగే ఫిట్స్ వస్తాయండీ. వణుకు, చెమట, లేని పురుగులు కనబడటం. దాచకండి. వైద్యం మారుతుంది."

పైడిరాజు ఇరవై ఏడేళ్ళుగా బార్ నడుపుతున్నవాడు. ఆ వణుకు ఏమిటో అతనికి డాక్టరు చెప్పక్కర్లేదు. ఎన్నికలప్పుడల్లా తన బార్ మెట్ల మీద చేతులు వణుకుతూ కూర్చునేవాళ్ళని చూశాడు. అతను నేరుగా కూతురి గదిలోకి నడిచాడు. కుసుమ అప్పుడే కళ్ళు తెరిచింది. చేతికి సెలైన్ ఉంది.

"ఎవడిచ్చాడే నీకు?" అన్నాడు. "నా బార్లోంచి ఎవడు తెచ్చిచ్చాడు?"

"ఏంటి నాన్నా?"

"నా కళ్ళలోకి చూసి చెప్పు."

"నేనేం తాగలేదు నాన్నా. ఒట్టు."

పైడిరాజు చెయ్యెత్తి కూతురి చెంప మీద కొట్టాడు. పుట్టిన దగ్గర నుంచీ ఆమె మీద చెయ్యెత్తని మనిషి. కుసుమ ఏడవలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ పిన్ని వైపు చూసింది, నువ్వైనా చెప్పు అన్నట్టు. చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకుంది ఇందుమతి. మంగ అడ్డుపడి భర్త చెయ్యి పట్టుకుంది. ఆ గలాటాలో ఇందుమతి నడవాలోకి వచ్చేసి, అక్కడి నీళ్ళ పంపు దగ్గర మొహం కడుక్కుంటూ నిలబడిపోయింది.

మర్నాడు పొద్దున్న ఆమె బావకి చెప్పింది. పిల్ల తాగలేదని చెప్పింది. పట్టీలో ఒక లోపం ఉందని, జనం మత్తు లయ వెనక్కి పోయి పిల్ల నరాలకి అలవాటయిందని, బార్ మూతపడగానే ఆ అలవాటు తెగిందని చెప్పింది. "అలా అవుతుందని ఎవరికీ తెలియలేదు బావా" అంది. సగం నిజం నోట్లోంచి బయటికి రావడం ఎంత సులువో అప్పుడే తెలిసిందామెకి.

పైడిరాజు చాలాసేపు తన కుడి అరచెయ్యి చూసుకుంటూ కూర్చున్నాడు. "ఒట్టేసి చెప్పింది ఇందూ. నేను నమ్మనేదు."

"బావా..."

"నీ తప్పేటుందిలే అమ్మా. నువ్వు మాత్రం కలగన్నావేటి? పెట్టమన్నది నేను. నాలుగు టీవీల్లో పెట్టుకున్నది నేను" అని ఆమె తల మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువుకి ఇందుమతి తల వంగిపోయింది.

మందులతో ఫిట్స్ ఆగాయి. సాయంత్రం పూట వచ్చే వణుకు మాత్రం ఆగలేదు. దానికి ఒకటే మార్గం కనిపించింది ఇందుమతికి. అలవాటు చేసిన దారినే మాన్పించాలి. మళ్ళీ అదే బార్‌లో మనుషుల్ని కూర్చోబెట్టాలి, మందు లేకుండా. కుసుమ తన గదిలోంచే ఆడాలి. వెనక్కి వచ్చే లయ మామూలు మనుషులదై ఉండాలి. మనుషుల్ని రోజురోజుకీ తగ్గించుకుంటూ రావాలి. డాక్టరు, తను పక్కనుంటే ఒప్పుకుంటానన్నాడు.

మొదటి రోజు ఉదయం గవర్రాజు పాతికమందిని తీసుకుని వచ్చాడు. బల్లల మీద గ్లాసులు లేవు. అందరూ గెడ్డాలు గీసుకుని పెళ్ళికొచ్చినట్టు వచ్చారు. పట్టీలు కట్టి ఆట మొదలుపెట్టిన పది నిమిషాలకి కుసుమ చేతులు ముందుకన్నా ఎక్కువ వణికాయి. ఇందుమతి తెర వైపు చూసి పట్టీలన్నీ ఆపేసింది. వాళ్ళందరూ పొద్దున్నుంచి చుక్క ముట్టలేదు. వాళ్ళ వణుకే పిల్లకి పోతోంది.

గవర్రాజుకి ఎవరూ చెప్పకుండానే అర్థమయింది. పట్టీ విప్పి బల్ల మీద పెట్టాడు. "మేం పనికిరామమ్మా. మా రోగం పాపకెందుకు" అని లేచాడు. అతని వెనకే ఒక్కొక్కరూ లేచి, పట్టీలు బల్లల మీద పెట్టి, ఎవరి మొహాలు వాళ్ళు చూసుకోకుండా బయటికి నడిచారు.

మధ్యాహ్నం మంగ వచ్చింది, వీధిలోని ఆడవాళ్ళని వెంటేసుకుని. గ్లాసులు కడిగే ఇద్దరు, వంటమనిషి భార్య, ఎదురింటి టైలరమ్మ, గవర్రాజు పెళ్ళాం, అందరూ కలిసి పద్దెనిమిది మంది. ఆ బార్‌లో ఆడవాళ్ళు కుర్చీల్లో కూర్చోవడం అదే మొదలు. గవర్రాజు పెళ్ళాం కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని అటూ ఇటూ చూసింది.

"ఇక్కడేనా మా ముసలోడు రోజూ కూకునేది? ఏటున్నాదిక్కడ? గాలి కూడా ఆడదు" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వు గదిలో ఉన్న కుసుమ దాకా పోయింది. "ఎవరు పిన్నీ నవ్వింది?" అని టీవీలోంచి ఆమె గొంతు వినిపించింది.

ఇరవై నాలుగు రోజులు పట్టింది. పద్దెనిమిది మంది పన్నెండయ్యారు, ఏడయ్యారు, ముగ్గురయ్యారు. కుసుమ చేతులు రోజురోజుకీ కుదురుకున్నాయి. ఆటలో పాత వేగం లేదు. వేళ్ళు ఆలస్యంగా కదులుతున్నాయి. అది తిరిగి రాకపోవచ్చునని డాక్టరు ముందే చెప్పాడు. ఇరవై నాలుగో రోజుకి ఒక్కరు చాలు. మంగ కూర్చోబోతుంటే టీవీలోంచి కుసుమ అంది: "అమ్మ కాదు. ఇవాళ పిన్ని కూర్చోవాలి."

"నేను తెర చూసుకోవాలి కుసుమా" అంది ఇందుమతి బల్ల మీది మైకులో.

"డాక్టరుగారు చూస్తారు. నువ్వు ఒక్కసారి కూడా కట్టుకోలేదు."

నిజమే. తను తయారుచేసిన పట్టీని ఆమె ఈ ఆరు నెలల్లో ఒక్కసారి కూడా మణికట్టుకి కట్టుకోలేదు. మంగ, "కూర్చో, నేను వంట సంగతి చూస్తాను" అని ఇంటికి వెళ్ళిపోయింది. పైడిరాజు కౌంటర్ దగ్గర ఉన్నాడు. ఇందుమతి పట్టీ కట్టుకుని టీవీ ఎదుట కూర్చుంది.

కాసేపటికి ఆమె మణికట్టులో ఇంకొక గుండె కొట్టుకోవడం మొదలయింది. చిన్నగా, జాగ్రత్తగా, జబ్బు చేసి లేచిన మనిషి మెట్లు దిగుతున్నట్టు. ఇదా నేను చేసింది, అనుకుంది ఇందుమతి. అనుకున్న మరుక్షణమే ఆమె గుండె అదుపు తప్పింది. పట్టీ విప్పేద్దామని చెయ్యి వేసింది. అప్పటికే తెర మీద కుసుమ ఆట ఆపేసి కెమెరా వైపు చూస్తోంది.

"పిన్నీ, నన్ను చూస్తే ఎందుకంత భయం నీకు?"

డాక్టరు తలెత్తాడు. కౌంటర్ దగ్గర పైడిరాజు చేతిలోని గుడ్డ ఆగిపోయింది.

"అమ్మకి బెంగ ఉండేది. మిగతావాళ్ళకి జాలి ఉండేది. అవి నాకు తెలుసు" అంది కుసుమ. "ఇది అలా లేదు. దొంగతనం చేసినవాళ్ళకి ఉంటుందే, అలా ఉంది."

ఇక దాచడానికి చోటు లేదు. "నాకు మేలోనే తెలిసింది" అంది ఇందుమతి. "తొమ్మిదో తారీఖున. ఒక్క మీట నొక్కితే ఆగిపోయేది. నొక్కలేదు. నివేదికలోంచి ఆ గీత తీసేశాను."

"హాస్పిటల్లో నేను నీ వైపు చూసినప్పుడు?"

"అప్పటికీ తెలుసు."

కుసుమ గుండె ఇందుమతి మణికట్టులో పదిసార్లో పన్నెండుసార్లో గట్టిగా కొట్టుకుని, ఆగిపోయింది. కుసుమ తన పట్టీ విప్పేసింది.

పైడిరాజు కౌంటర్ దాటి వచ్చాడు. అరుస్తాడనుకుంది ఇందుమతి. అరిస్తే బాగుండుననుకుంది. "నేను చెయ్యెత్తినప్పుడు నువ్వు ఎక్కడున్నావు?" అని అడిగాడు.

"గుమ్మం దగ్గర."

"ఎంత దూరం?"

"నాలుగడుగులుంటుంది బావా."

"నాలుగడుగులు" అన్నాడతను. టీవీలు నాలుగూ ఒక్కొక్కటిగా ఆపాడు. "మంగకి నేను చెప్పను. నువ్వే చెప్పాలి. పద."

తర్వాతి ఏడాదిలో చాలా జరిగాయి. ఇందుమతి అసలు లెక్కలన్నీ కంపెనీ ముందు పెట్టింది. పట్టీలు బజారులోకి రాలేదు. ఆమె ఉద్యోగం పోయింది, ఆ పరికరాల జోలికి మళ్ళీ ఏ ల్యాబూ ఆమెని రానివ్వలేదు. కుసుమ ఆడటం మానేసి, వేరేవాళ్ళు ఆడే సప్తద్వారం పోటీలకి తెలుగులో వ్యాఖ్యానం చెప్పడం మొదలుపెట్టింది. సాగరికలో ఆ గొంతు వినడానికి జనం ఇప్పటికీ వస్తున్నారు. గవర్రాజు మాత్రం రావడం మానేశాడు.

కానీ ఇందుమతికి వీటన్నిటికన్నా బాగా గుర్తున్నది ఆ మధ్యాహ్నమే. బావ వెనకే వీధి దాటి, మేడ మెట్లెక్కి వంటింట్లోకి వెళ్ళింది. మంగ చేపల పులుసు దించుతోంది. ఇందుమతి నిలబడే అంతా చెప్పింది, ఏదీ మిగల్చకుండా. మంగ పొయ్యి ఆపింది. చేతులు కడుక్కుని కొంగుకి తుడుచుకుంది. లోపలి గదిలోంచి కుసుమ వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది. తల్లి ఆమె మొహంలోకి చూసింది.

"ఆకలేస్తోందమ్మా" అంది కుసుమ.

మంగ గూట్లోంచి పళ్ళేలు తీసి కింద పరిచింది. మొగుడికొకటి, కూతురికొకటి, తనకొకటి. అన్నం గిన్నె మధ్యలో పెట్టి, ముగ్గురికీ వడ్డించి, తల దించుకుని కూర్చుంది. కాసేపు అక్కడే నిలబడ్డ ఇందుమతి గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంది.